వెనక వరసలో పన్నెండుమంది చుట్టాలు

బలం చాలక ఓడిపోయినవాళ్ళని మీరు చూసే ఉంటారు. తెలివి చాలక ఓడిపోయినవాళ్ళనీ చూసే ఉంటారు. మర్యాద ఎక్కువై యుద్ధం ఓడిపోయినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, ఈ వ్యాసం రాస్తున్నవాడే ఆ మనిషి. నా దగ్గరున్నవాళ్ళలో అందరికన్నా బలమైన దళం, ఒంటిమీద గీతైనా పడకుండా, వెనక వరసలో పెళ్ళికొచ్చినట్టు నిలబడి చూస్తూండగా, మిగతా సైన్యాన్నంతా ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకున్నాను. ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఎవరైనా పని తప్పించుకుని కూర్చుంటే "ఏంటి, గుర్రాల మీదున్నారా?" అని అడుగుతారు. ఆ మాట ఎలా పుట్టిందో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు అలవాటైపోయింది.

అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. నాకు ఇరవై ఏళ్ళు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. రాజమండ్రిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన ఒక ఖాళీ గది. ఆ గది నాదీ, మా సత్తిబాబుదీ. సత్తిబాబు కాలేజీలో నా పక్క బెంచీవాడు. వాళ్ళ మేనమామ ఓడలో పనిచేసేవాడు. ఆయన ఓసారి ఏ దేశం నుంచో ఒక పెట్టె తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టాడు. అందులో బొటనవేలంత సైనికులు నలభైమంది, ఇటుకంత లావు పుస్తకం ఒకటి ఉన్నాయి. మంత్రగాళ్ళు, రాక్షసులు, మరుగుజ్జులు, రెక్కల మనుషులు, ఎవరు ఎవరితో ఎలా పోట్లాడాలో అంతా ఆ పుస్తకంలో రాసి ఉంది. బల్ల మీద రెండు సైన్యాల్ని నిలబెట్టాలి. స్కేలుతో కొలిచి నడపాలి. ఎదురుపడితే పాచికలు వెయ్యాలి. ఇరవై ఏళ్ళ గాడిదలు చెయ్యాల్సిన పనేనా అంటారా? మా అమ్మ కూడా అదే అడిగేది.

ఉన్న నలభైమందినీ పంచుకుంటే ఇద్దరికీ చాలలేదు. అందుకని పైపులు కారితే పెట్టే ముద్ద ఉంటుంది చూడండి, రెండు రంగులవి కలిపి పిసికేది, దాంతో మిగతావాళ్ళని మేమే చేసుకునేవాళ్ళం. నేను చేసిన విలుకాళ్ళు దూరం నుంచి చూస్తే విలుకాళ్ళు. దగ్గర్నుంచి చూస్తే పకోడీలు. ఒక ఏనుగుని కూడా చేశాను. దానికి తొండం రెండుసార్లు ఊడింది.

ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం ఆడాం. ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం నేను ఓడిపోయాను. సత్తిబాబుకి లెక్కలొచ్చు. నాకు ఏనుగొచ్చు.

మా నాన్నగారు ప్రతి ఆదివారం భోజనం అయ్యాక మోకాళ్ళ నొప్పితో ఆ పదహారు మెట్లూ ఎక్కి పైకి వచ్చేవారు. గుమ్మం మీద చెయ్యి ఆనించి కాసేపు చూసేవారు.

"ఎవరు గెలిచారు?"

"సత్తిబాబండి."

"ఊ."

అంతే. మళ్ళీ దిగి వెళ్ళిపోయేవారు. తనిఖీకి వస్తున్నారనుకుని నేను వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. పెళ్ళి వంటలకి వాడే పెద్ద గుండిగలు లారీలో దిగుతున్నాయి. కింద చోటు లేదు. ఒక రోజు నాన్నగారు నన్ను కొట్లోకి పిలిచారు.

"పై గది కావాలి."

కాలేజీ అయిపోతే ఎవరెక్కడ ఉంటామో తెలియదు. సత్తిబాబు, నేను కాలేజీ బయట కలుసుకునే చోటంటూ ప్రపంచంలో ఉంటే అది ఆ గదే.

"నాన్నగారూ, ఆ గది మాకు..."

"ఇప్పటిదాకా ఎన్నిసార్లు గెలిచావు?"

నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

"ఒక్కసారి గెలువు," అన్నారు నాన్నగారు. "వచ్చే ఆదివారం. గెలిస్తే గది నీది. గుండిగలు నేనెక్కడో సర్దుకుంటాను. ఓడితే అవి పైకెళ్తాయి."

ఈ సంగతి విని సత్తిబాబు ఎగిరి గంతేశాడు. "దీనికింత ఆలోచనేంట్రా? నేను ఓడిపోతాను, గది మనది!" అన్నాడు. పాపం, వాడి సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. నాన్నగారు వ్యాపారస్తులు కదండీ. వాణ్ణి కొట్లో కూర్చోబెట్టి, సోడా ఇప్పించి, "నువ్వు అన్నవరం మొక్కుకి పుట్టినవాడివి కదూ బాబూ? ఏదీ, న్యాయంగా ఆడతానని సత్యదేవుడి మీద ఒట్టెయ్యి" అన్నారు. సత్తిబాబు నెలకోసారి వ్రతం చేసే ఇంట్లో పెరిగినవాడు. వేసేశాడు. వేసి, మా మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్ చంటీ, ఇప్పుడు నువ్వు నిజంగా గెలవాలిరా."

"ఎలా?"

"మిత్రదళం తీసుకో. పుస్తకంలో ఉంది. నీ సైన్యంలో నాలుగోవంతు దాకా వేరే రాజ్యం వాళ్ళని పిలుచుకోవచ్చు. మంచివాళ్ళని ఎంచుకో. నేను చెప్పకూడదు, ఒట్టుంది. నువ్వే ఎంచుకో."

పుస్తకం పట్టుకుని కిందకొచ్చి పెరటి అరుగు మీద కూర్చున్నాను. పక్కన మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చేటలో బియ్యం ఏరుతోంది. నాకు ఫిరంగులున్న మరుగుజ్జుల మీద మనసుంది. ఆ బొమ్మ దగ్గరే ఆగి చూస్తున్నాను.

"ఎవర్రా వాళ్ళు?" అంది మామ్మ.

"మిత్రదళం మామ్మా. మనవాళ్ళు కాదు గానీ, పిలిస్తే మన తరఫున వస్తారు."

"అంటే చుట్టాలు."

"చుట్టాలు కాదు, వేరే రాజ్యం..."

"పొరుగూరు నుంచి పిలవగానే వచ్చి మన పక్కన నిలబడేవాళ్ళని చుట్టాలనక ఏమంటారు?"

ఈ ప్రశ్నకి ఆ ఇటుకంత పుస్తకంలో జవాబు లేదు. మామ్మ చేట పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది. పెళ్ళి సంబంధం చూడ్డానికి కూర్చున్నట్టు కూర్చుంది.

"ఈ పొట్టివాళ్ళ గడ్డాలు చూడు, నూనె రాసి ఎన్నాళ్ళయిందో. ఆ చేతిలో ఏంటి?"

"ఫిరంగి మామ్మా."

"ఆ రెండో చేతిలో?"

"సారా పీపా."

"పేజీ తిప్పు."

తిప్పాను. ఒంటికన్ను రాక్షసుడు. బల్ల మీద పెడితే వాడొక్కడే వందమందికి సమాధానం.

"వీడికొక్కడికే గుండిగెడు అన్నం కావాలి. మీ అమ్మ చెయ్యగలదా? తిప్పు."

రెక్కల మనుషులు వచ్చారు. మామ్మ కాసేపు ఆలోచించింది. "బాగానే ఉన్నారు గానీ, బంతిలో కూర్చుంటే ఆ రెక్కలు పక్కవాళ్ళ పులుసులో పడతాయిరా" అంది. తరవాతి పేజీలో తెల్లగుర్రాల రౌతులు వచ్చారు. తలపాగాలు, తీర్చిన మీసాలు.

"ఆఁ, వీళ్ళు! ఎంత పద్ధతిగా ఉన్నారో చూడు. చెప్పకుండానే కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చే మనుషులు. వీళ్ళని పిలు."

మామ్మ కోసం సరే అన్నాను. సాయంత్రం ఆ పేజీ చూపిస్తే సత్తిబాబు మొహం తెల్లబోయింది. "ఇది మొత్తం పుస్తకంలోకెల్లా గట్టి దళంరా. మీ మామ్మకెవరు చెప్పారు?" అన్నాడు. నా ఆనందం చెప్పనలవి కాదు. కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేనీపాటికి గొప్ప సేనాపతినని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

ఆ రౌతుల్ని చేసింది కూడా మామ్మే. ఏటా చవితికి మా ఇంటి వినాయకుణ్ణి తన చేత్తోనే చేసే మనిషి. నా పకోడీలు చూసి జాలిపడి, ఆ ముద్ద తనే తీసుకుంది. నాలుగు రోజులు, రోజుకి ముగ్గురు. శనివారం నాటికి పన్నెండుమంది తయారయ్యారు. కళ్ళు, మీసాలు, గుర్రం డెక్కలతో సహా వచ్చాయి. అంతా బాగుంది గానీ వాళ్ళని చూస్తూంటే ఎక్కడో చూసినట్టు అనిపించింది.

"మామ్మా, ఈయన భుజం మీద తువ్వాలేంటి?"

"మీ ఆత్రేయపురం బాబాయి. తువ్వాలు లేకుండా ఎప్పుడైనా చూశావా?"

"ఈయన ఈటె ఇలా వంకరగా..."

"ఈటె కాదురా, గొడుగు. మీ ఉప్పాడ పెదనాన్న గొడుగు లేందే ఇల్లు కదలడు."

"బొమ్మలకి మనవాళ్ళ పోలికలెందుకు మామ్మా?"

"మనిషెవరో అనుకోకుండా నాకు చెయ్యి కదలదు."

పన్నెండుమందీ మావాళ్ళే. ప్రతి పెళ్ళికీ ప్రతి పేరంటానికీ వచ్చేవాళ్ళే. వాళ్ళని స్టీలు డబ్బాలో దూది పరిచి, దాని మీద పడుకోబెట్టి నా చేతికిచ్చింది.

"మనం పిలిస్తే వచ్చినవాళ్ళురా చంటీ. ముందు వరసలో నిలబెట్టి చావగొట్టించకు. మర్యాదగా చూసుకో. ఒట్టెయ్యి."

వేశాను. మా ఇంట్లో ఆ వారమంతా ఒట్లు చౌకగా దొరికాయి.

ఆదివారం వచ్చింది. బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి, గిన్నెలు బోర్లించి కొండలు చేశాం. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. నాన్నగారు మామూలుగా గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను ఈటెలవాళ్ళని ముందు పెట్టాను, విలుకాళ్ళని వాళ్ళ వెనక, ఏనుగునీ రాజునీ మధ్యలో. చుట్టాల్ని మాత్రం అందరికన్నా వెనక, గిన్నె నీడ పడే చోట, ఎండ తగలకుండా నిలబెట్టాను.

సత్తిబాబు అటే చూస్తూండిపోయాడు. "అక్కడ పెట్టావేంట్రా వాళ్ళని?"

"ఉండనీరా. ఇప్పుడే కదా వచ్చారు."

యుద్ధం మొదలైంది. రెండో విడతకే ఈటెలవాళ్ళు సగమయ్యారు. మూడో విడతలో పకోడీలు పోయారు. గుర్రాల్ని కదుపుదామని నేను చెయ్యి చాపినప్పుడల్లా బాబాయి మొహం కనిపించేది. వచ్చినప్పుడల్లా పూతరేకుల పొట్లం ముందు నా చేతిలోనే పెట్టే మనిషి. ఆ మనిషిని సత్తిబాబు రాక్షసుల నోట్లోకి ఎలా తోస్తాను? చెయ్యి వెనక్కి తీసుకునేవాణ్ణి.

సత్తిబాబుకి చెమటలు పట్టాయి. వాడు గెలుస్తున్నాడు మరి.

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, గుర్రాల్ని కదుపరా."

"కుదర్దు."

"నా ఎడమ పక్కంతా ఖాళీగా ఉందిరా, కనపడట్లేదా?"

"కావాలని వదిలావా? ఒట్టు ఏమవుతుంది?"

"కావాలని కాదురా బాబూ, నిజంగానే పొరపాటు చేశాను! ఆరు నెలల్లో మొట్టమొదటిసారి నిజంగా పొరపాటు చేశాను! వాడుకోరా!"

నాన్నగారు గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశారు.

"ఆ వెనకున్నవాళ్ళు ఖాళీయేగా? పంపవేం?"

"చుట్టాలండి."

నాన్నగారు వంగి చూశారు. "ఇదేంటి, ఇతను మన ఆత్రేయపురం తమ్ముడిలా ఉన్నాడు?"

"ఆయనేనండి."

"ఈ గొడుగు..."

"ఉప్పాడ పెదనాన్నండి."

నాన్నగారు మెల్లగా నడుం ఎత్తారు. వ్యాపారంలో ఎంత గట్టివారైనా, ఉప్పాడ అన్నయ్యని చావమని ఎలా చెబుతారు? అలా నిలబడి చూస్తూండగానే ఏనుగు చుట్టూ రాక్షసులు చేరారు. పాచిక పడింది. ఏనుగు ఒరిగింది. తొండం మూడోసారి ఊడింది.

"గుర్రాలు! గుర్రాలు పంపరా! గది పోతోంది!"

ఆ కేక పెట్టింది నేను కాదు, సత్తిబాబు కాదు. నాన్నగారు. గది పోతే ఎవరికి వస్తుందో ఆ నాన్నగారే. అందరం అటు తిరిగేసరికి ఆయన దగ్గి, మళ్ళీ గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

మరో విడతలో నా రాజు కూడా పోయాడు. దుప్పటి మీద నావాళ్ళు మిగిలింది పన్నెండుమందే. నీడపట్టున, కులాసాగా, ఒక్కరి తువ్వాలైనా నలగకుండా ఉన్నారు. గెలిచిన సత్తిబాబు చొక్కాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"అయిపోయిందా?" అంది మామ్మ. "మరి మనవాళ్ళేంట్రా, కదల్లేదు?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వేగా మామ్మా మర్యాదగా చూసుకోమన్నావు!"

"ముందు నిలబెట్టి చావగొట్టించొద్దన్నాను. పని చెప్పొద్దన్నానా?" మామ్మ కళ్ళజోడు తీసేసింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే కోపం వచ్చిందని లెక్క. "మీ నాన్న పెళ్ళికి ఆత్రేయపురం వాడు వచ్చి ఏం చేశాడనుకున్నావు? పందిట్లో కూర్చుని తాంబూలం వేసుకున్నాడా? ఆ తువ్వాలు నడుముకి చుట్టి మూడు బంతులు వడ్డించాడు. వాడికి పని చెప్పకుండా కూర్చోబెట్టి ఉంటే మళ్ళీ మన గుమ్మం తొక్కేవాడా? దగ్గరివాణ్ణి కూర్చోబెట్టి నువ్వొక్కడివే కష్టపడితే, నువ్వు నాకక్కర్లేదని వాడి మొహం మీద చెప్పినట్టేరా. చూడు, ఎంత చిన్నబుచ్చుకున్నారో."

చూశాను. నిజంగానే చిన్నబుచ్చుకున్నట్టు కనిపించారు.

మర్నాడు పొద్దున్నే గుండిగలు పైకెక్కించడం మొదలైంది. మాట మాటే. కింద నుంచి నేను, నాన్నగారు మోస్తున్నాం. నా చేతుల్లో చిన్నసైజువి రెండు, నెత్తిమీద ఒకటి, టోపీలా బోర్లించుకుని ఎక్కుతున్నాను. సగం మెట్ల దగ్గర నాన్నగారు మోకాలు పట్టుకుని ఆగారు.

"ఆ ఎడమ పక్క ఖాళీ నాకు మొదట్లోనే కనపడింది," అన్నారు.

"మరి చెప్పలేదేంటండి?"

"నన్నెవరడిగారు?"

కోపంగా అనలేదు. కొట్లో ఎవరితోనో ధర చెప్పినంత మామూలుగా అన్నారు. అని, గుండిగ ఎత్తుకుని ఎక్కేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆరు నెలల ఆదివారాలు గుర్తొచ్చాయి. ఆ మోకాళ్ళతో ఆయన పదహారు మెట్లెక్కి వచ్చింది తనిఖీకి కాదు. గుమ్మం దగ్గర నిలబడి, పిలుస్తానేమోనని చూశారు. ఒక్కసారి కూడా నేను కూర్చోండి అనలేదు. పన్నెండుమందినే కాదు, పదమూడో మనిషిని కూడా నేను వెనక వరసలోనే నిలబెట్టాను. నాకు ఏడుపొచ్చింది. గుండిగ ముక్కుదాకా జారి ఉండడంవల్ల ఎవరికీ కనపడలేదు.

పైకెళ్ళి చూస్తే, నాన్నగారు గుండిగలన్నీ గోడవారగా, ఒకదాన్లో ఒకటి సీలింగుదాకా పేరుస్తున్నారు. మధ్యలో బల్ల బల్లలాగే ఉంది. దుప్పటి కూడా తియ్యలేదు.

"గోడవార చాలు వీటికి," అన్నారు, నా వైపు చూడకుండా.

తరవాతి ఆదివారం భోజనాలయ్యాక కొట్లోకి వెళ్ళాను. గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. ఇరవై ఏళ్ళలో ఆయన్ని రమ్మని అడగడం అదే మొదటిసారి.

"నాన్నగారూ, ఈవేళ నా తరఫున వస్తారా?"

"నేనా? ఎందుకూ?"

"గుర్రాలు చూసుకోవడానికి మనిషి కావాలండి."

ఆయన గల్లా మూశారు. లేచి, కొట్టు తలుపు దగ్గరికి వేశారు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నారు. పదహారు మెట్లూ నాకన్నా ముందు ఎక్కారు.

ఇక్కడ నేను గెలిచానని మీరనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. నాన్నగారు కుర్చీ లాక్కుని, చొక్కా చేతులు మడిచి, పన్నెండు గుర్రాల్నీ ఒకేసారి, తిన్నగా, సత్తిబాబు రాక్షసుల మధ్యలోకి తోలారు. "ముందు నాలుగే పంపుదామండి" అంటే వినలేదు. "ఆరు నెలలు ఆగాంరా" అన్నారు. పావుగంటలో ఆత్రేయపురం బాబాయి పోయాడు. ఆ వెనకే ఉప్పాడ పెదనాన్న, గొడుగుతో సహా. నాన్నగారు పాచికని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తూకం సరిగ్గా లేదు" అన్నారు. కళ్ళు మెరిసిపోతున్నాయి. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

కింద నుంచి మామ్మ కేకేసింది.

"గెలిచారా?"

"లేదమ్మా!" అన్నారు నాన్నగారు.

"చుట్టాలో?"

"అందరూ పోయారమ్మా!"

కింద కాఫీ గ్లాసుల చప్పుడైంది.

"అందరికీ పని చెప్పారా?"

"చెప్పామమ్మా!"

"అయితే సరే. దిగండి, కాఫీలు చల్లారిపోతున్నాయి."

కాబట్టి పాఠక మహాశయులారా, గోడవారనున్న గుండిగల సాక్షిగా, మూడుసార్లు ఊడిన తొండం సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. నా తరఫున వచ్చిన ఏ మనిషినీ, బొటనవేలంత వాడైనా సరే, పని చెప్పకుండా ఇక జన్మలో కూర్చోబెట్టను. అలాగే మా నాన్నగారి చేతికి ఇక జన్మలో గుర్రాలివ్వను. మొదటిది ఈనాటికీ నిలబెట్టుకుంటున్నాను. రెండోది మాత్రం ఆ మరుసటి ఆదివారమే తప్పాను.